పసుపు చీటీ కట్టిన కోటు

కాత్యాయని మేడంని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని తగులుతుందని చర్మవ్యాధుల వార్డులో అందరికీ తెలుసు. తెలిసి కూడా ఆ ఉదయం, ఆమె దగ్గర చదువుకుంటున్న డాక్టరు షాహిదా అడక్కుండా ఉండలేకపోయింది.

ఏడో నంబరు మంచం మీద అప్పలనరసమ్మ సంచి సర్దుకుంటోంది. ఉప్పుమడుల్లో పనిచేసే మనిషి. ఎండకు చెంపలూ ముక్కూ ఎర్రగా కందిపోయాయి. లూపస్ అని తేలింది. చర్మం ముక్కకు మెరిసే రంగు పట్టించి మైక్రోస్కోపులో చూస్తే పైపొర అడుగున పచ్చటి మెరుపుగీత కనబడింది. చచ్చిన కణాల్లోంచి జారిన డీఎన్ఏ, దాన్ని పట్టుకున్న యాంటీబాడీలు ముద్దలుగా పేరుకున్న చోటది. "నీ ఒంటి కాపలాయే నీ మీద పడింది" అని షాహిదా నోరు జారింది.

"నా వొళ్లే నన్ను తినీస్తంటే ఈ మాత్రలేల డాక్టరమ్మా? ఇంటికెళిపోతాను" అంది నరసమ్మ.

మాత్రలు మానేస్తే జబ్బు మూత్రపిండాల మీద పడొచ్చు. షాహిదా గురువు దగ్గరికి పరుగెత్తింది.

"మేడం, డీఎన్ఏ మనదే, యాంటీబాడీ మనదే. మరి ఈ మంట ఎక్కడిది? ఆవిడకేం చెప్పను?"

మేడం తన తెల్లకోటు విప్పి, నరసమ్మ మంచానికి ఎదురుగా ఉన్న దుప్పట్ల గది గుమ్మం పక్కన పడేసింది. "ఒక్క గంట కూర్చో నరసమ్మా, తర్వాత నీ ఇష్టం" అంది.

దుప్పట్ల గది చూసే నూకరాజు ఆ కోటును మూడుసార్లు దాటుకుంటూ పోయాడు. కన్నెత్తి చూడలేదు. అప్పుడు మేడం షాహిదా చేత దానికో పసుపు చీటీ కట్టించింది. ఆ ఆసుపత్రిలో అంటురోగపు బట్టకు కట్టే చీటీ అది.

ఈసారి నూకరాజు చూశాడు. చేతులకు తొడుగులు వేసుకుని, కోటును లోపలికి పట్టుకుపోయి బ్లీచింగ్ తొట్టిలో ముంచాడు. అంతటితో ఆగాడా! "చీటీ బట్ట వచ్చిందర్రా!" అని కేకేసి, పక్కన మడతపెట్టిన దుప్పట్లన్నీ తొట్టిలోకి తోశాడు. ఘాటుకి వార్డంతా దగ్గు. పాత దుప్పట్లకు చిల్లులు పడ్డాయి. చివరికి కోటు జేబు మీది పేరు చూసి నాలుక్కరుచుకున్నాడు.

"మేడంగారూ, ఇది మీదేనా! చీటీ లేకపోతే నా గడప దాటనిచ్చేవాణ్ణా?"

"నీ తప్పేం లేదు నూకరాజూ. ఆ దుప్పట్లకి నేను జవాబు చెప్పుకుంటాను."

నరసమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. షాహిదా మాత్రం కళ్లార్పకుండా గురువునే చూస్తోంది. తను మూడేళ్లు పుస్తకాలు తిరగేసినా పట్టుబడనిది ఒక పాత కోటుతో కళ్లముందు పెట్టిందీవిడ.

"కోటులో రోగముందా?" అంది మేడం.

"లేదు."

"చీటీ చెడ్డదా?"

"రోజూ మనల్ని కాపాడేది అదే మేడం," అంది షాహిదా. "అంటే కోటు మన డీఎన్ఏ, చీటీ యాంటీబాడీ!"

నరసమ్మ సంచి మీంచి చెయ్యి తీసింది. "మరి ఈ మాత్రేటి సేస్తాది డాక్టరమ్మా? సీటీ సింపేస్తాదా?"

మేడం మాత్ర తీసి ఆమె అరచేతిలో పెట్టింది.

"లేదమ్మా. నీ ఒంటి కాపలా కణాల లోపలికెళ్లి, అక్కడి నూకరాజు కేకెయ్యకుండా పక్కన కూర్చుంటుంది."