నూట పన్నెండో వరస

కౌముదికి వచ్చిన చిక్కు చిన్నది కాదు.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని వెచ్చగా ఉంచే యంత్రం ఒకటి, విశాఖపట్నంలో వాళ్ళ ప్రయోగశాలలో పరీక్షకు నడుస్తూ నడుస్తూ, ఉన్నట్టుండి సెగలు కక్కింది. ముప్పై ఆరు డిగ్రీలని పెట్టిన అంకె యాభై రెండయి కూర్చుంది. లోపల బిడ్డ బదులు నీళ్ళ సంచి ఉంది కాబట్టి సరిపోయింది. ఆ అంకెను ఎవరూ ముట్టుకోలేదు.

తప్పు మెమరీ చిప్పుదని కౌముదే కనిపెట్టింది. చిప్పులో ప్రతి అంకె బుల్లి బుల్లి గదుల్లో, విద్యుత్తు రూపంలో, వరసలు వరసలుగా నిలవుంటుంది. ఒకే వరసను రెప్పపాటులో వేలసార్లు తెరిచి మూస్తే, పక్క వరసల్లో ఉన్న విద్యుత్తు చెదురుతుంది. చెదిరిన చోట సున్నా ఒకటవుతుంది, ఒకటి సున్నా అవుతుంది. ఒక్క గది మారితే చాలు, ముప్పై ఆరు యాభై రెండు కావడానికి.

దానికి విరుగుడు కూడా తనే తయారుచేసింది. ఏ వరస మీద ఇలా తెరిచి మూసే దెబ్బలు ఎక్కువ పడుతున్నాయో ఒక చిన్న ఏర్పాటు కనిపెట్టి చూస్తుంటుంది. దెబ్బలు హద్దు దాటబోతుంటే ఆ వరసకు అటూ ఇటూ ఉన్న వరసల్ని తెరిచి, తగ్గిన విద్యుత్తును మళ్ళీ నింపేస్తుంది. దానికి కాపలా అని పేరు పెట్టుకుంది. నాలుగు నెలలు దాని మీదే కూర్చుంది.

ఆ శుక్రవారం పొద్దున్నే ఫలితాల కాగితాలు పట్టుకుని మరియదాసు గారి దగ్గరికి వెళ్ళింది. ఆయనకు అరవై దాటాయి. నలభై ఏళ్ళుగా చిప్పులే లోకం. ఆయన దగ్గర పని నేర్చుకోవాలనే కౌముది బెంగళూరులో ఉద్యోగం వదిలి వచ్చింది. ఆయన సంతకం లేనిదే ఆ ప్రయోగశాల నుంచి ఏ చిప్పూ బయటికి వెళ్ళదు.

"మూడు లక్షల పరీక్షలు సార్. ఒక్క గది కూడా మారలేదు," అంది. గొంతులో గర్వం దాచుకోలేదు. దాచుకోవలసిన అవసరమూ కనబడలేదు. "సోమవారం యంత్రాల వాళ్ళకి పంపేద్దాం. జిల్లా ఆసుపత్రుల నుంచి రోజూ అడుగుతున్నారట."

మరియదాసు గారు కాగితాలు తిరగేశారు. కళ్ళజోడు సరిచేసుకున్నారు. పెన్ను మాత్రం తీయలేదు. లేచి పరీక్ష యంత్రం దగ్గరికి నడిచారు.

ఆమె రాసిన ప్రోగ్రాం తెర మీదకి తెచ్చుకున్నారు. నూట పదో వరసను కొట్టడం, తర్వాత పక్కనున్న నూట తొమ్మిది, నూట పదకొండు వరసలు చెక్కుచెదరకుండా ఉన్నాయో లేదో చూడడం. మిగతావన్నీ చూస్తూ పోతే రోజులు పడతాయి. చెదిరేది పక్క వరసే కదా అని కౌముది అంతటితో ఆపింది. పుస్తకాల్లోనూ అలాగే ఉంది.

చూడవలసిన దూరం 'ఒకటి' అని ఉన్నచోట ఆయన 'ఐదు' అని కొట్టారు. యంత్రం నడిపించి, కుర్చీలో వెనక్కి వాలి, సంచిలోంచి జామకాయ తీసి సగం ఆమె చేతిలో పెట్టారు.

"ఉప్పు లేదమ్మా," అన్నారు.

ముప్పావుగంటకి తెర మీద ఒక ఎర్ర గీత వచ్చింది. నూట పన్నెండో వరసలో ఒక గది మారిపోయింది.

"ఈ చిప్పు పాడయిపోయినట్టుంది సార్," అంది కౌముది వెంటనే.

ఆయన డబ్బాలోంచి ఇంకో చిప్పు తీసిచ్చారు. పెట్టి నడిపింది. మళ్ళీ నూట పన్నెండు. మూడోదీ పెట్టింది. ఈసారి నూట పన్నెండుతోపాటు, అటు పక్క నూట ఎనిమిది కూడా.

కౌముది జామకాయ పక్కన పెట్టేసింది. "అయితే దెబ్బ రెండు వరసల దూరం పోతోందన్నమాట. ఏముంది సార్, కాపలాని అక్కడిదాకా పెంచుతాను. రెండు రోజుల పని."

మరియదాసు గారు ముందుకు వంగి, ఆమె కాపలాని నడిపించే మీట ఒక్కటి ఆపేశారు. మిగతాదంతా ఉన్నదున్నట్టే ఉంచి, అదే చిప్పు మీద అదే పరీక్ష మళ్ళీ నడిపించారు.

ఈసారి నూట తొమ్మిదీ నూట పదకొండూ చెదిరాయి. కాపలా లేదు కాబట్టి చెదరక తప్పదు. కౌముది కళ్ళు వాటి మీద ఆగలేదు. కిందికి, నూట పన్నెండు దగ్గరికి జారాయి.

అది శుభ్రంగా ఉంది. నూట ఎనిమిది కూడా.

ఆమె మీట వేసింది. నూట పన్నెండు చెదిరింది. తీసేసింది. చెదరలేదు. ఎవరో వచ్చి మీటింగుకి పిలిచారు. వినిపించుకోలేదు. మళ్ళీ వేసింది.

నూట పదకొండును కాపాడాలంటే కాపలా దాన్ని తెరవాలి. తెరిస్తేనే నింపగలదు. వేలసార్లు దెబ్బలు పడినచోట అది పదే పదే తెరిచింది. నింపడానికే తెరిచినా, తెరిచినప్పుడల్లా అవతలి వరసకు తగులుతూనే ఉంది. అటు నూట పదో వరస దెబ్బ దూరం నుంచి సన్నగా, ఇటు తన కాపలా పక్కనే నిలబడి. రెండూ కలిశాయి.

ఆయన వైపు తిరిగి అడిగింది. "కాపలా తీసెయ్యమంటారా సార్?"

"తీసేస్తే నూట పదకొండు పోతుంది."

"ఉంచితే నూట పన్నెండు పోతోంది."

"ఊఁ."

"మరి దెబ్బలు లెక్కపెట్టేటప్పుడు..." అని ఆగిపోయింది. తర్వాత నెమ్మదిగా అంది. "నేను అవతలివాళ్ళ దెబ్బలే లెక్కపెట్టాను సార్."

మరియదాసు గారు లేచి ఆ కుర్చీ ఆమె వైపు జరిపారు.

కౌముది కూర్చోలేదు. ముందు ఫోను తీసింది. యంత్రాల కంపెనీలో పని చూసే సత్యవతి గారికి చేసింది. "సోమవారం పంపలేమండీ. నా కాపలాలోనే తప్పుంది. ఇవాళే బయటపడింది. పది రోజులివ్వండి." అవతలి నుంచి కేకలు గది అంతా వినబడ్డాయి. ఆస్పత్రులకు ఏం చెప్పమంటావని సత్యవతి గారు అడిగారు. "నా పేరు చెప్పండి," అని పెట్టేసింది. అప్పుడు కూర్చుంది.

పని అనుకున్నంత తేలిక కాలేదు. కాపలా తెరిచిన ప్రతిసారినీ దెబ్బగానే లెక్కలో వేసింది. అప్పుడు లెక్క ఉబ్బిపోయి చిప్పు నత్తనడక నడిచింది. దాంతో ఒకే వరసను మరీ తొందర తొందరగా తెరవబోయే ప్రోగ్రాంలని కాసేపు ఆగమనేలా కాపలాని మార్చింది. దెబ్బలు తగ్గాయి. దెబ్బలు తగ్గేసరికి కాపలా తెరవవలసిన సార్లూ తగ్గాయి. ఆరో రోజు ఆ సంగతి తెర మీద చూసి, ఒక్కతే పైకి నవ్వేసింది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం కాగితాలు తీసుకుని మరియదాసు గారి బల్ల ముందు నిలబడింది.

"అటు ఎనిమిది, ఇటు ఎనిమిది వరసల దాకా చూశాను సార్. రెండు వందల చిప్పుల మీద, చలిలోనూ వేడిలోనూ. ఏదీ చెదరలేదు. చిప్పు వెళ్ళచ్చు. నేను పూచీ."

"ఎనిమిది దాటాక?"

"తెలీదు సార్," అంది కౌముది, తడుముకోకుండా.

మరియదాసు గారు పెన్ను తీసి మూత తిప్పారు. సంతకం పెట్టలేదు. పెన్ను ఆమె చేతికిచ్చారు.

"ఆ మాట కూడా రాయి," అన్నారు. "దాని కింద పెడతాను."