రేకుల షెడ్డులో రెండో ఆదివారం

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో జంతువులకు కంప్యూటర్లు ఎక్కడివని మొదటే అడ్డం రాకండర్రా. ఉండేవి. నేను చెబుతున్నాను కదా, వినండి.

అడవి మధ్యలో ఒక రేకుల షెడ్డు ఉండేది. ఎప్పుడో మనుషులు కట్టుకుని వదిలేసి పోయింది. ప్రతి నెలా రెండో ఆదివారం అందులో లినక్స్ సంఘం కూడేది. లినక్స్ అంటే ఏమిటో చెబుతాను. కంప్యూటరు లోపల పనులన్నీ చూసుకునే మేస్త్రీ ఒకడుంటాడు. కొందరు మేస్త్రీలు తమ పని ఎవరికీ చూపించరు. తలుపు వేసుకుని చేస్తారు. లినక్స్ అలా కాదు. లోపల ఏముందో ఎవరైనా చూడొచ్చు. నచ్చకపోతే మార్చుకోవచ్చు. నచ్చితే పక్కవాళ్ళకు ఇచ్చుకోవచ్చు. ఎవరూ వద్దనరు.

ఆ సంఘాన్ని నడిపింది భూషణం అనే ముంగిస. అబ్బ, ఏం రోజులవి! అడవి మొత్తానికి ఒకటే లినక్స్ సీడీ. దాన్నుంచి ఇంకో సీడీ చేసి, మోదుగాకులో పొట్లం కట్టి, ఏటి అవతలికి జింకతో పంపేవాళ్ళు. ఎలుగుబంటి తన కంప్యూటరును నెత్తిన పెట్టుకుని కొండ దిగి వచ్చేది. తెలుగులో ‘ఫైలు’ అనాలా, ‘దస్త్రం’ అనాలా అని రెండు ఆదివారాలు కొట్టుకున్నారు. చివరికి ఏదీ తేలక అందరూ కలిసి నేరేడు పళ్ళు తిన్నారు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు కనబడగానే షెడ్డంతా ఈలలే. ఆ ఈలలు తలుచుకుంటే నాకే ఒళ్ళు పులకరిస్తుంది, భూషణానికి ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి.

తర్వాత తర్వాత ఒక్కొక్కరే రావడం మానేశారు. కొందరు వేరే అడవులకు వెళ్ళారు. కొందరికి పిల్లలు పుట్టారు. ఇంకొందరు ఏ సందేహం వచ్చినా ఫోన్లోనే వెతుక్కోవడం మొదలుపెట్టారు. ఒక ఆదివారం భూషణం తలుపు తీసి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చున్నాడు. ఆ పైన తీయడం కూడా మానేశాడు.

అలా ఏడేళ్ళు గడిచాయి. ఒకరోజు అడవి పెద్ద అయిన ఏనుగు వచ్చింది.

"భూషణం, ఆ షెడ్డు ఊరికే పడి ఉంది కదా. వానాకాలం గడ్డి దాచుకోవడానికి మాకు చోటు చాలడం లేదు. తీసుకోనా?" అని అడిగింది.

భూషణం కంగారుగా లేచాడు. "అయ్యా, సంఘం మళ్ళీ మొదలుపెడతాను. కొంచెం గడువు ఇవ్వండి" అన్నాడు.

"సరే. మూడు నెలలు. మూడో నెల మీరు కూడే ఆదివారం నాడు నేనే వచ్చి చూస్తాను. ఇక్కడ పనికొచ్చే పని ఏదైనా జరుగుతుంటే షెడ్డు మీది. లేకపోతే గడ్డిది" అంది ఏనుగు.

భూషణం ఆ రోజే పాత సభ్యులందరికీ మెయిల్ పెట్టాడు. పదింటిలో తొమ్మిది, అలాంటి చిరునామా లేదని తిరిగొచ్చాయి. అయినా ఆ నోటా ఈ నోటా విని మొదటి నెల ఆదివారం నలుగురు పాతవాళ్ళు వచ్చారు. అందులో ఉడుము రాజలింగం ఒకడు. లినక్స్‌లో అతనికి తెలియనిది లేదు. ఆ సంగతి అతనే అందరికీ చెబుతుంటాడు.

ఒక కొత్త మొహం కూడా వచ్చింది. పేరు వరాలమ్మ. కొంగ. ఏటి ఒడ్డున పక్షుల బడిలో టీచరు. పాత కంప్యూటరు ఒకటి గుడ్డలో చుట్టి తెచ్చి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

పాతవాళ్ళు కలిస్తే ఏమవుతుందో తెలుసు కదా! "ఆ రోజుల్లో ఎలా ఉండేదిరా!" అని ఒక గంట. ఏ లినక్స్ గొప్పదని ఇంకో గంట. లినక్స్‌లో రకరకాలున్నాయి లెండి, ఎవరిది వాళ్ళకు ముద్దు. రాజలింగం బల్ల మీద తోకతో కొడుతూ వాదించాడు. ఎలుగుబంటి అలిగి గోడవైపు తిరిగి కూర్చుంది.

సందు దొరకగానే వరాలమ్మ అడిగింది. "అయ్యా, మా బడిలో ఇలాంటివి ఐదున్నాయి. పాతబడ్డాయి, వానలకు ముందే గోతిలో పారేయమంటున్నారు. మీ లినక్స్ వేస్తే నడుస్తాయా?"

"ఏ రకం ప్రాసెసరు? మెమరీ ఎంత? డిస్కు ఎన్ని ముక్కలు చేశారు?" అని రాజలింగం గడగడా అడిగాడు.

"తెలీదండి" అంది వరాలమ్మ.

"అంతా పుస్తకంలో రాసే ఉంది తల్లీ. చదువుకుని రా" అని చెప్పి అతను మళ్ళీ వాదనలో పడ్డాడు. వరాలమ్మ కంప్యూటరును మళ్ళీ గుడ్డలో చుట్టుకుంది. ఎప్పుడు వెళ్ళిపోయిందో ఎవరూ చూడలేదు.

భూషణం మాత్రం ఆ ఖాళీ చోటు చూశాడు. చాలా సిగ్గుపడ్డాడు. మర్నాడు ఏటి ఒడ్డుకు వెళ్ళి, "అమ్మా, తప్పయింది. వచ్చే నెల రండి, మీ పని నేను చూసిపెడతాను" అని బతిమాలాడు.

రెండో నెల ఆదివారం వరాలమ్మ వచ్చింది. భూషణం కంప్యూటరును తన వైపు తిప్పుకున్నాడు. టకటకా టకటకా కొట్టాడు. ఆ వేళ్ళు చూస్తే ముచ్చటేసింది. ఎన్నేళ్ళకు దొరికిందో ఆ పని! అరగంటలో లినక్స్ ఎక్కింది. తెర వెలిగింది. "ఇదిగో అమ్మా, అయిపోయింది" అని మీసాలు దువ్వుకున్నాడు.

"ఎంత బాగా చేశారండీ!" అంది వరాలమ్మ. భూషణం ఆ రోజు గాల్లో తేలుతూ బొరియకు వెళ్ళాడు.

మూడు వారాలు గడిచాయి. మిగతా నాలుగు కంప్యూటర్లూ తెస్తానన్న వరాలమ్మ జాడ లేదు. భూషణం మళ్ళీ ఏటి ఒడ్డుకు వెళ్ళాడు. బడి వెనక గోతి పక్కన ఐదు కంప్యూటర్లూ పేర్చి ఉన్నాయి. అన్నిటికన్నా పైన అతను బాగుచేసినదే ఉంది.

"ఇదేమిటమ్మా?" అన్నాడు.

వరాలమ్మ నేలచూపులు చూసింది. "నాలుగు రోజులకే తెలుగు అక్షరాలన్నీ డబ్బాలు డబ్బాలుగా కనబడ్డాయండి. పిల్లలు చదవలేకపోయారు."

"అయ్యో, చిన్న పని అది! ఒక్క మాట అడక్కపోయారా?"

"ఏమని అడగనండి? ఆ రోజు మీరేం చేశారో నాకు ఒక్క ముక్క తెలీదు. రాజలింగం గారేమో చదువుకు రమ్మన్నారు. మీరేమో రెప్పపాటులో చేసేశారు. ఇంత చిన్నదానికి మళ్ళీ మీ దగ్గరికి రావాలంటే నాకు మొహం చెల్లలేదు."

 భూషణం ఏటి ఒడ్డునే ఒక రాయి మీద కూర్చున్నాడు.

అలా కూర్చుంటే అతనికి అలుగు తాత గుర్తొచ్చాడు. సంఘాన్ని మొదట పెట్టింది ఆయనే. ఒంటినిండా పొలుసులతో, నెమ్మదిగా నడిచేవాడు. భూషణం కుర్రాడుగా మొదటిసారి వచ్చిన రోజున ఆయన తన రెండు చేతులూ తోక కింద పెట్టుకుని పక్కన కూర్చున్నాడు. "నువ్వే కొట్టరా, నేను చూస్తా" అన్నాడు. భూషణం తప్పు కొట్టాడు. డిస్కులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోయింది. ఏడుపు మొహం పెడితే, తాత కడుపు పట్టుకుని నవ్వాడు. "పోయింది కదా! ఇంకేం పోతుందని భయం? మళ్ళీ వేద్దాం పట్టు" అన్నాడు. ఆ రోజంతా పట్టింది. ఆ రోజు నేర్చుకున్నది భూషణం ఈనాటికీ మరచిపోలేదు. అన్ని ఆదివారాలూ గుర్తున్నాయి గానీ ఆ తోక కింది చేతులే ఎలా మరిచిపోయానా అనుకున్నాడు. తాత లేడు, అడగడానికి. భూషణానికి దుఃఖం వచ్చింది. రాదా మరి!

కళ్ళు తుడుచుకుని లేచాడు. "వరాలమ్మగారూ, ఐదూ పట్టుకుని ఆదివారం రండి. నేను వేసినదీ తుడిచేద్దాం, ఈసారి నేను ముట్టుకోను. మీరే చేస్తారు" అన్నాడు.

"నేనా?" అంది వరాలమ్మ.

"మీరే. తప్పు చేస్తే మళ్ళీ చేద్దాం."

మూడో నెల ఆదివారం వచ్చింది. వరాలమ్మతో బడిలోని పిట్టలన్నీ వచ్చాయి. ఎండ ఎక్కకముందే రాజలింగం భూషణాన్ని పక్కకు లాగాడు.

"ఒరేయ్, మధ్యాహ్నానికి ఏనుగు పెద్దాయన వస్తాడు. ఐదూ నాకిచ్చెయ్. గంటలో ఎక్కించేస్తాను. ఆయన వచ్చేసరికి వరసగా వెలుగుతుంటాయి. షెడ్డు మనదే!"

భూషణం షెడ్డు చుట్టూ చూశాడు. తుప్పు పట్టిన రేకులు, కంప్యూటరుకు ఇచ్చే ఆదేశాలు గోడ మీద ఎవరో రాసుకున్నవి, ఎలుగుబంటి ఎప్పుడూ కూర్చునే మూల. ఇదంతా గడ్డి కింద కప్పబడిపోతే? రాజలింగం చెప్పింది నిజమే. గంట చాలు.

"వద్దురా" అన్నాడు భూషణం. "వాళ్ళే చేస్తారు."

"నీకేమైనా మతిపోయిందా? ఆ కొంగమ్మ ముక్కుతో ఒక్కో అక్షరం కొడితే తెల్లారుతుంది!"

"తెల్లారనీ" అన్నాడు భూషణం. వెళ్ళి వరాలమ్మ పక్కన కూర్చున్నాడు. తన వేళ్ళ సంగతి తనకు తెలుసు కదా, రెండు చేతులూ కట్టుకుని చంకల్లో దోపుకున్నాడు.

టక్... టక్... వరాలమ్మ ముక్కుతో కొడుతోంది. చేప కోసం పూట పూటంతా ఒంటికాలి మీద నిలబడే పక్షి ఆవిడ. ఆవిడకు ఓపిక లేకపోవడం ఏమిటి! ఓపిక లేనిది చూసేవాళ్ళకే. తనే కొట్టాలని భూషణానికి వేళ్ళు దురదపెట్టాయి. రాజలింగం రెండుసార్లు బయటికెళ్ళి తిరిగొచ్చాడు.

సరిగ్గా మధ్యాహ్నం ఏనుగు వచ్చింది. నాలుగు తెరలు నల్లగా ఉన్నాయి. ఐదోదాని మీద ఏదో తప్పు జరిగిందని ఎర్రగా రాసి ఉంది.

"ఏమిటిది భూషణం? ఒక్కటీ నడవడం లేదే?" అంది ఏనుగు.

భూషణం లేవబోయాడు. అంతలో వరాలమ్మ తల తిప్పకుండానే జవాబు చెప్పింది. "తప్పు నాదేనండి. రెండో అడుగు వేయకుండా మూడోది వేశాను. ఎక్కడ పోయిందో తెలిసింది. మళ్ళీ మొదటినుంచి వేస్తున్నాను."

"ఎప్పటికవుతుంది?"

"తెలీదండి. అయ్యేదాకా ఉంటాను."

పిట్టల్లో ఒక్కటి కూడా లేవలేదు. వెనక వరసలో ఒక పిచ్చుక పక్కదానికి, "చూశావా, మనమైతే రెండో అడుగు మరిచిపోం" అని గుసగుసలాడింది. ఏనుగు ఆ పిట్టల్నీ చూసింది, గడ్డి పెట్టాల్సిన చోటూ చూసింది. గడ్డి అవసరం కూడా అబద్ధం కాదర్రా, వాన పడితే దాని పిల్లలు తినాలి.

"సరే. సగం షెడ్డు గడ్డికి, సగం మీకు. ఇంతకన్నా నన్ను అడక్కు" అని చెప్పి వెళ్ళిపోయింది.

సగం పోయింది. ఎలుగుబంటి మూల కూడా ఆ సగంలోనే పోయింది.  భూషణం ఏం చేస్తాడు! చేతులు మాత్రం తీయలేదు.

సాయంత్రానికి మూడు కంప్యూటర్లు నడిచాయి. తెలుగు తెరిచి చూస్తే మళ్ళీ డబ్బాలే. ఈసారి చెప్పనని భూషణం తల ఊపాడు, అందరూ రాజలింగం వైపు చూశారు. చదువుకు రమ్మంటాడేమోనని వరాలమ్మ మెడ ముడుచుకుంది. రాజలింగం తల గోక్కున్నాడు.

"నాకూ గుర్తులేదమ్మా. వెతుకుదాం పట్టండి" అన్నాడు.

అతని నోట ఆ మాట విని భూషణం పకపకా నవ్వాడు. చీకటి పడేముందు డబ్బాలు పోయి అక్షరాలొచ్చాయి. పిట్టలు ఈల వేశాయి.

ఆ తర్వాత వానలు దంచికొట్టాయి. భూషణం బొరియలోకి నీళ్ళొచ్చి కొండ మీదికి మారాల్సి వచ్చింది. ఏరు పొంగి దారి మూసుకుపోయింది. వరసగా మూడు ఆదివారాలు అతను రాలేకపోయాడు. "నేను లేనిదే తలుపు ఎవరు తీస్తారు? మళ్ళీ పోయింది నా సంఘం" అని కొండ మీద రోజూ కుమిలిపోయాడు.

నాలుగో నెల ఏరు తగ్గింది. భూషణం పరుగున షెడ్డు దగ్గరికి వచ్చాడు. తలుపు తీసే ఉంది. లోపల గడ్డి మోపుల మీద, కింద, కిటికీల్లో, ఎక్కడ చూసినా జంతువులే. సగానికి సగం అతను ఎన్నడూ చూడనివాళ్ళు. దూరంగా వరాలమ్మ ఒక తాబేలు పక్కన ఒంటికాలి మీద నిలబడి చూస్తోంది. తాబేలు కొడుతోంది.

గుమ్మం దగ్గర కూర్చున్న పందికొక్కు ఒకావిడ భూషణాన్ని ఎగాదిగా చూసింది. ఆవిడకు అతనెవరో తెలీదు.

"కొత్తగా వచ్చారా అన్నయ్యగారూ? మొహమాటపడకండి, ఇక్కడ అందరం నేర్చుకునేవాళ్ళమే. ఇలా కూర్చోండి. మీకేం కావాలి?"

ఈ సంఘం నడిపింది నేనేనమ్మా అని భూషణం నోటి దాకా వచ్చింది. ఆగాడు.  తనకు వచ్చింది ఏడుపో సంతోషమో అతనికే తెలీలేదు. ఆవిడ చూపించిన చోట బుద్ధిగా కూర్చున్నాడు.

"ఇరవై ఏళ్ళుగా నా ప్రింటరు పని చేయడం లేదమ్మా" అన్నాడు మెల్లగా. "ఇప్పటిదాకా ఎవరితోనూ చెప్పలేదు."

"అయ్యో, అంతేనా!" అని పందికొక్కు తన చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది. "కొట్టండి మరి. మీరే."

నీతి: తెలిసిన పనిని మనమే చేసిపెట్టకుండా, పక్కన కూర్చుని ఎదుటివారి చేత ఓపికగా చేయిస్తే, మనం లేని రోజున కూడా ఆ పని ఆగదు.