గుబురమ్మ పొద్దుటి అప్పడం

అనగనగా ఒక అడవిలో, ఎండ కూడా ఆకుల్ని బతిమాలుకుని లోపలికి వచ్చే చోట, ఒక అప్పడాల పాక ఉండేది. ఆ పాక గుబురమ్మ అనే ఎలుగుబంటిది. వాళ్ళమ్మ పెట్టిన పాక అది. ఏటా వనదేవత జాతరలో అమ్మవారికి మొదటి నైవేద్యం ఆ పాక అప్పడాలే. ఆ పళ్ళెం పెట్టాకే మిగతావాళ్ళ పళ్ళూ తేనెలూ పెట్టేవారు. ఆ ఇంటికి అది అమ్మవారు ఇచ్చిన గౌరవం.

అమ్మ పోయాక పాక గుబురమ్మ చేతికొచ్చింది. గుబురమ్మ మంచిదే నాన్నా, కాకపోతే కాస్త తొందరెక్కువ.

"అమ్మ ఉన్నప్పుడు అందరూ ఒక్కచోట చేరి కబుర్లాడుకునేవాళ్ళు. ఇలా అయితే పని సాగినట్టే!" అనుకుంది. పిండి దంచే కోతి కొమ్మన్నని వాగు ఒడ్డుకి పంపింది. అప్పడాలు ఒత్తే కుందేలు తెల్లిని పాకలో ఒక మూల కూర్చోబెట్టింది. ఎండబెట్టే ముసలి తాబేలు చిప్పవ్వని కొండరాతి మీదికి ఎక్కించింది.

అమ్మకి ఇంకో అలవాటుండేది. రోజూ పొద్దున్నే ఒక అప్పడం నిప్పుల మీద కాల్చి అందరికీ తలో ముక్క పెట్టేది. "అమ్మవారికి చేసేవి మనం ముందు తినడమేమిటి? అపచారం!" అని గుబురమ్మ అదీ మాన్పించింది. అమ్మ పటకారు అటకెక్కింది.

ఇక చూడు. అప్పడాలు కొన్ని అంచుల్లో చిట్లాయి. కొన్ని దిబ్బరొట్టెల్లా వచ్చాయి. కొన్నిటికి బూజు పట్టింది.

జాతరకి పెద్ద అయిన ఏనుగు గజ్జెన్న వచ్చి, తొండంతో ఒకటి ఎత్తి చూశాడు.

"అమ్మాయ్ గుబురమ్మా, ఇది అప్పడమా, నా వీపు మీద ఎండిన బురద పెచ్చా? మీ అమ్మ మొహం చూసి ఊరుకుంటున్నాను. పున్నమి జాతరకి మంచివి రాలేదో, మొదటి నైవేద్యం నక్కల పేలాలదే!" అన్నాడు.

ఎలాగైనా మంచి అప్పడాలు చేయించాలని గుబురమ్మ పట్టుబట్టింది.

మొదట కాకయ్య అనే కాకిని పనివాళ్ళ మీద కాపలా పెట్టింది. కాకయ్య చెట్టెక్కి ఒకటే గోల. "కావ్! కొమ్మన్న ఆవులించాడు! కావ్! తెల్లి చెవి గోక్కుంది!" కాకి ఇటు చూస్తే రోకలి లేచేది. అటు తిరిగితే ఆగేది. అప్పడాలు మాత్రం మారలేదు.

తర్వాత నెమలీకల కిరీటం ఒకటి కట్టించింది. "ఎవరు ఎక్కువ పని చేస్తే వాళ్ళకే!" అంది. కొమ్మన్న పిండి సగం సగం దంచి కుప్పలు పోశాడు. తెల్లి చకచకా మందంగా ఒత్తేసింది. చిప్పవ్వ పచ్చివి పచ్చిగానే దొంతులు పెట్టింది. కిరీటం కొమ్మన్నకొచ్చింది.

"ఆహాహా, తోకకి కూడా ఒకటి కట్టించుకో!" అంది తెల్లి. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరికీ మాటల్లేవు. అప్పడాలు ఇంకా పాడయ్యాయి.

మర్నాడు పొద్దున గుబురమ్మ అమ్మవారికి దీపం పెడదామని అటక మీద ప్రమిద కోసం వెతికింది. ప్రమిదకి బదులు పటకారు చేతికి తగిలింది. మసి పట్టిన అమ్మ పటకారు. దాన్ని చూసేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పట్టుకుని చిప్పవ్వ దగ్గరికి కొండెక్కింది.

"అవ్వా, అమ్మ అంత భక్తురాలు కదా! నైవేద్యం ఎంగిలవుతుందని భయపడేది కాదా?"

చిప్పవ్వ తల బయటికి పెట్టి నవ్వింది. "పిచ్చితల్లీ! అమ్మవారివి వేరే బుట్టలో మడిగా ఉంచేది. ఇది పని చేసేవాళ్ళ అప్పడం. తలో ముక్కా పెట్టి, 'ఎలా ఉందర్రా?' అని అడిగేది. అడిగి ఊరుకునేదా? చెప్పిందల్లా వినేది."

"మరి నాకెందుకు చెప్పలేదవ్వా?"

"నువ్వడగలేదుగా తల్లీ. కొండ మీద కూర్చోమన్నావు, కూర్చున్నాను."

గుబురమ్మ తల దించుకుంది. తర్వాత అవ్వని వీపున ఎక్కించుకుని కిందికి దిగింది. అందరినీ పాక ముందుకి పిలిచింది. నిప్పులు రాజేసి ఒక అప్పడం కాల్చింది. తలో ముక్క పెట్టి, తనూ ఒకటి నోట్లో వేసుకుంది.

పళ్ళు అతుక్కుపోయాయి! "ఊఁ... ఊఁ..." అంటుందే గానీ నోరు తెరుచుకోదు. తెల్లి కిసుక్కున నవ్వింది. కొమ్మన్న నేల మీద దొర్లాడు. పళ్ళు విడివడ్డాక గుబురమ్మ కూడా పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఎలా ఉందర్రా?" అంది.

అందరూ భయంగా చెట్టు మీది కాకి వైపు చూశారు. "కాకయ్యా, నువ్వూ దిగిరా. నీ ముక్క ఇక్కడుంది" అంది గుబురమ్మ.

"అక్కా, తిట్టవు కదా?" అన్నాడు కొమ్మన్న.

"అమ్మవారి మీద ఒట్టు."

"నా పిండి ఇలా ఉంటుందని నాకు తెలీదక్కా. వాగు దగ్గర ఒక్కణ్ణే. పాట లేదు, పలకరింపు లేదు. చెయ్యి లాగగానే ఆపేస్తాను."

"అదా సంగతి!" అంది తెల్లి. "పలచగా ఒత్తితే చిట్లిపోతోందని నేను మందంగా ఒత్తుతున్నా. నీకు చెబుదామంటే నువ్వెక్కడో!"

"మందంగా ఉంటే నాకు లోపల ఎండదే పిల్లా" అంది చిప్పవ్వ.

కాకయ్య మెల్లగా గొంతు సవరించుకున్నాడు. "నాకు పైనుంచి వానమబ్బు ముందే కనిపిస్తుంది. చెబుదును. కానీ నన్ను ఆవులింతలు చూడమన్నారు మరి!"

అందరూ మళ్ళీ ఘొల్లున నవ్వారు.

"తప్పు మీది కాదర్రా. మిమ్మల్ని విడదీసింది నేను" అంది గుబురమ్మ.

ఆ పూటే రోలు పాక ముందుకొచ్చింది. కొమ్మన్న దంచుతూ పాట ఎత్తుకుంటే తెల్లి వంత పాడింది. అతని చెయ్యి లాగితే గుబురమ్మే రోకలి అందుకునేది. మబ్బు కమ్మితే కాకయ్య కేకేసేవాడు, అందరూ పరుగెత్తి అప్పడాలు లోపల పెట్టేవాళ్ళు. నెమలీకల కిరీటం ఎవరూ అడగలేదు. దాన్ని అమ్మవారి తలకే అలంకరించారు.

పున్నమి వచ్చింది. అమ్మవారి ముందు చందమామల్లాంటి అప్పడాలు. నైవేద్యమయ్యాక గజ్జెన్న ఒకటి నోట్లో వేసుకున్నాడు. ఫెళఫెళమని అడవంతా వినిపించింది.

"అచ్చం మీ అమ్మ చేతి రుచే! నువ్వే చేశావా అమ్మాయ్?"

"లేదు పెద్దయ్యా. కొమ్మన్న దంచాడు, తెల్లి ఒత్తింది, చిప్పవ్వ ఎండబెట్టింది, కాకయ్య వానకి తడవకుండా కాపాడాడు" అని గుబురమ్మ ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని ముందుకి తెచ్చింది. కాకయ్య సిగ్గుపడి రెక్కలో తల దాచుకున్నాడు.

మర్నాడు పొద్దున పాక ముందు మళ్ళీ నిప్పులు రాజుకున్నాయి. తలో ముక్క చేతికొచ్చింది. జాతరలో అమ్మ గౌరవం నిలబెట్టిన గర్వంతో గుబురమ్మ అడిగింది:

"ఎలా ఉందర్రా?"

"ఉప్పు తక్కువైందక్కా!" అని అందరూ ఒక్కసారే అరిచారు.

పాక కప్పు ఊగేలా నవ్వింది గుబురమ్మ. ఉప్పు జాడీ తెచ్చి మధ్యలో పెట్టింది.

నీతి: పని చేసేవాళ్ళ మీద కన్నేసి ఉంచితే చేతులే కదులుతాయి, పక్కన కూర్చోబెట్టుకుని అడిగి వింటే మనసులు కూడా కదులుతాయి.