సారీ చెప్పి వచ్చిన ఇల్లు

కోదండయ్యగారు ప్రశ్న విన్న వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరై, గోదావరి ఒడ్డున ఆశ్రమం పెట్టుకున్నాక కూడా ఆ అలవాటు పోలేదు. శిష్యుడు పరాంకుశం ఆ సాయంత్రం అడిగిందీ ఒక ఇంగ్లీషు మాట గురించే.

“గురువుగారూ, కాలు తొక్కితే సారీ అంటాం. చిల్లర లేకపోయినా సారీ. వినబడకపోయినా సారీయే. మరి నేను చెప్పిన సారీకి అర్థమేమిటి?”

నిఘంటువు చూసి తీర్చే సందేహం కాదది. స్నానాల రేవులో జనం పట్టుకోవడానికి నీళ్ళలో తాడు కట్టించడం పరాంకుశం పని. పర్వదినాన ఆశ్రమం షామియానా ఒరిగిపోతుంటే ఆ తాడే విప్పించి దానికి కట్టాడు. రేవులో పూలమ్మే మంగాయమ్మ ఒక్కగానొక్క కొడుకు నూకరాజు లోతుకు జారి, పట్టుకోవడానికి ఏమీ దొరక్క మునిగిపోయాడు. పరాంకుశం ఆస్పత్రి వరండాలోనే ఆమెకు సారీ చెప్పాడు. ఆమె అతని ముఖం కూడా చూడలేదు. అప్పట్నుంచి అతనికి ముద్ద దిగడం లేదు.

గురువుగారు చేతికర్ర అందుకుని “పద” అన్నారు.

వాళ్ళు వెళ్ళేసరికి మంగాయమ్మ తన ఇంట్లో గోడకు జారగిలబడి కూర్చుంది. చుట్టూ బంధువులు. పరాంకుశం చేతులు కట్టుకుని నిలబడి, అరిగిపోయిన ఆ మాటే మళ్ళీ తీశాడు. “సారీ అమ్మా.”

“డాక్టరుబాబు కూడా అదే అన్నాడయ్యా,” అంది ఆమె తల ఎత్తకుండానే. “నా బిడ్డని తెస్తున్న ఆటో గుంటలో పడితే ఆ డ్రైవరూ అదే అన్నాడు. నువ్వూ అను.”

గురువుగారు సెలవడక్కుండానే లేచారు. చావింట్లోంచి ఎవరూ చెప్పి వెళ్ళరు. అక్కడ మళ్ళీ వస్తాననడం ఇంకో చావును పిలవడమేనని నమ్మకం. పాపం, పరాంకుశానికి కంగారులో నోటి అలవాటే ముందుకొచ్చింది.

“వెళ్ళొస్తానమ్మా” అన్నాడు.

బంధువులు భగ్గుమన్నారు. “బుద్ధుందా నీకు? ఇంకెవర్ని తీసుకుపోవడానికి వస్తావు?” అని నూకరాజు మేనమామ మీదికి లేచాడు. పరాంకుశం నాలుక కరుచుకున్నాడు. భూమి చీలితే అందులోకి దూరిపోయేవాడే.

మంగాయమ్మ మొదటిసారి తలెత్తి అతన్ని చూసింది.

“రా,” అంది. “రోజూ రా. తాడు విప్పినోడి ముఖం చూసి ఏడవాలి నాకు.”

తిరుగుదారిలో పరాంకుశం ఆగిపోయాడు. “గురువుగారూ, ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను? నావల్ల కాదు.”

కోదండయ్యగారు నడక ఆపలేదు. “ఆ ఇంట్లో నువ్వు రెండు మాటలన్నావు. ఆవిడ విన్నది రెండోదొక్కటే. పొద్దున్నే లేచి వెళ్ళు.”