మెడలో చర్చి

పడమటి దేశాల్లో, ఒకానొక రాజ్యంలో అచ్చుయంత్రం కొత్తగా దిగిన రోజులవి. ఆ రాజ్యాన్నేలే రైనాల్డుకు తానో మహాపండితుణ్ణని గట్టి నమ్మకం. చర్చి ధర్మశాస్త్రాన్ని అచ్చు వేయించాడు. పుట నడుమ పెద్దక్షరాల్లో ధర్మం, చుట్టూ అంచుల్లో చిన్నక్షరాల్లో రాజుగారి వ్యాఖ్య. ఆ వ్యాఖ్య పెరిగి పెరిగి, పాపం, ధర్మానికి రెండు పంక్తుల చోటే మిగిలింది.

పుటలో ఇక చోటు చాలక, అక్షరాలు కూర్చే ఆన్యెస్ రాజుగారి పేరును చీమంత అక్షరాల్లో కూర్చింది.

"నా పేరు చీమంతా? ఆవిడ కుడిచెయ్యి నరకండి!" అన్నాడు రాజు.

ఆన్యెస్ పరుగున వెళ్లి చర్చిలో శరణు జొచ్చింది. అక్కడ శరణన్నవాళ్లను ఎవరూ ముట్టకూడదని ధర్మం. రాజు వెంటనే తన వ్యాఖ్య చదివించాడు. "చర్చి అంటే గోడలూ కాదు, కప్పూ కాదు. బలిపీఠం మీది పవిత్రశిల, అంతే. దాన్ని తాకి ఉన్నంతసేపే శరణు."

"నిద్ర రాదా? చెయ్యి జారదా? అప్పుడు పట్టుకు రండి," అని భటుల్ని కాపలా పెట్టాడు.

కొలువులో విదూషకుడైన లాంబెర్టుకు ఇది మింగుడుపడలేదు. తిన్నగా చర్చికి పోయాడు. ఆన్యెస్ శిల మీద చెయ్యి వేసి తూగుతోంది. భటులు ఆవలిస్తున్నారు.

"ఓపిక ఉందా అమ్మా?"

"ఎక్కడిదయ్యా? రెప్పలు వాలిపోతున్నాయి."

లాంబెర్టు బుర్ర చురుగ్గా పనిచేసింది. చర్చి లేని పల్లెల్లో పూజ జరపడానికి గురువులు ఒక చిన్న పవిత్రశిల వెంట పట్టుకుపోతారు. అరచేతిలో ఇమిడే పలకే, కానీ బిషప్పు అభిషేకించినదే. ఆ చర్చిలోని ముసలి గురువును బతిమాలి దాన్ని తెప్పించి, తాడు కట్టి ఆన్యెస్ మెడలో వేశాడు.

"ఇక నడు, తల్లీ."

ఆమె భటుల మధ్యనుంచే నడిచి, లాంబెర్టు వెంట కొలువుకు వచ్చింది.

"పట్టుకోండి!" రాజు సింహాసనం మీంచి లేచాడు.

"మెల్లగా, ప్రభూ! చర్చిలో కేకలేమిటి? కిరీటం కూడా తీస్తే మర్యాదగా ఉంటుంది."

అలవాటుకొద్దీ రాజు చెయ్యి కిరీటం మీదికి పోయింది. అంతలో తేరుకున్నాడు. "ఇది చర్చా?"

"తమరి వ్యాఖ్యే కదా, ప్రభూ! శిలే చర్చి. అదిగో, ఆవిడ మెడలో ఉంది. ఆవిడ ఎక్కడుంటే చర్చి అక్కడే."

"ఆ వ్యాఖ్య ఈ క్షణమే మారుస్తాను! గోడలే చర్చి!"

"సంతోషం. కానీ అది అచ్చయ్యేదాకా పాతదే చెల్లు, ఈలోగా ఆవిడ వెనక్కి పోయి ఆ గోడల మధ్య హాయిగా పడుకుంటుంది. మరి కొత్త వ్యాఖ్య అచ్చు కావాలంటే అక్షరాలు కూర్చేదెవరు? తమరు నరకమన్న ఆ కుడిచెయ్యే."

తన వ్యాఖ్యే తన కాళ్లకు చుట్టుకుందని రాజుకు తెలిసొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నీ చెయ్యి బతికిపోయింది, ఆన్యెస్! లాంబెర్టూ, బహుమానం అడుగు."

"ఈసారి అంచులు తెల్లగా వదిలేయండి, ప్రభూ. ధర్మానికి కాస్త గాలాడుతుంది."

"వదిలేశాం!" అన్నాడు రాజు, తన వేలి ఉంగరం తీసి అతని చేతిలో పెడుతూ.

ఆన్యెస్ మెడలోని శిల తీసి భద్రంగా లాంబెర్టుకు అప్పగించింది. "మరి ప్రభువుల పేరు ఎంత పెద్దగా కూర్చమంటారు?"

రాజు బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా పెట్టి చూపాడు.

"ధర్మం కన్నా ఒక్క పిసరు చిన్నగా," అన్నాడు. "చీమంత మాత్రం వద్దు."