పీరమ్మ పాడిన మూడు తత్వాలు

మౌలాలి పొద్దున్నే కంప్యూటరు ముందు కూర్చున్నాడు. పాటల పేర్లన్నీ ఉన్నాయి గానీ, ప్రతి పేరు చివరా ఏదో తోక తగులుకుని ఉంది. ఒకటి నొక్కాడు. తెరుచుకోలేదు. ఇంకొకటి నొక్కాడు. అదీ అంతే. పది నొక్కినా ఒక్కటీ తెరుచుకోలేదు.

అవి సినిమా పాటలు కావు, ఎక్కడో ఒకచోట మళ్లీ దొరకడానికి. తత్వాలు. పుస్తకాలకు ఎక్కనివి, ముసలివాళ్ల నోళ్లలో మాత్రమే మిగిలినవి. మౌలాలి తన గురువు లాలప్పస్వామి చెప్పిన ఊళ్లన్నీ తిరిగి, ఆరేళ్లుగా వాటిని రికార్డు చేసి ఇంట్లో కంప్యూటర్లో దాస్తున్నాడు. పాడినవాళ్లలో సగంమంది ఇప్పుడు లేరు. "మనం పోయినా ఈ పెట్టె పోదు స్వామీ" అని ఒకసారి గురువు ముందే గొప్పగా అన్నాడు.

ఇంతలో తెర నల్లబడి, దానిమీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. మీ ఫైళ్లకు తాళం వేశాం, తాళంచెవి కావాలంటే డబ్బు కట్టండి, ఎవరికైనా చెప్పారో అన్నీ చెరిపేస్తాం. కింద ఒక గడియారం డెబ్బైరెండు గంటల నుంచి వెనక్కి నడుస్తోంది.

మౌలాలికి ఇది ఎక్కడినుంచి వచ్చిందో వెంటనే తెలిసిపోయింది. లాలప్పస్వామి మఠంలో ఒక పద్ధతి ఉంది. తత్వం తెచ్చినవాణ్ని నీదే ఊరు, నువ్వెవరు అని అడగరు. కూర్చోబెట్టి వింటారు, తర్వాత అన్నం పెడతారు. తత్వాలుంటే పంపండని ఫేస్‌బుక్‌లో పెట్టింది మౌలాలే. నిన్న మధ్యాహ్నం "మా తాత పాడినవి" అంటూ ఎవరో మెయిలు పంపితే, దానికీ అదే మర్యాద చేశాడు. ఇది ఎవరిదో తెలియదు, తెరవమంటావా అని కంప్యూటరు అడిగింది కూడా. తెరువు అన్నాడు. మనిషికీ మెయిలుకూ తేడా చూడని మర్యాదస్తుడు మరి.

బీరువాలో ఒక హార్డ్ డిస్కు ఉంది. పాటలకు నకళ్లు అందులో ఉన్నాయి. అవైనా బతికున్నాయో లేవో చూడకపోతే ప్రాణం నిలిచేలా లేదు. దాన్ని తీసి, వైరు తగిలించి, కంప్యూటరు దగ్గరికి తెచ్చాడు.

రెండిళ్ల అవతల ఉండే లాలప్పస్వామి రోజూలాగే టీ తాగడానికి లోపలికి వచ్చాడు.

"ఏమైందిరా?"

"ఏం లేదు స్వామీ."

"ఏం లేకపోతే ఆ చెమటలేంది?"

మౌలాలి ఇక దాచలేకపోయాడు. తెర చూపించి అంతా చెప్పాడు. చెబుతూనే డిస్కు వైరును కంప్యూటరుకు పెట్టబోయాడు. డెబ్బై నాలుగేళ్ల మనిషి, ఎప్పుడూ ఎవరి చేతిలోదీ లాక్కోని మనిషి, ఆ డిస్కును చటుక్కున లాక్కుని పంచె మడతలో దోపుకున్నాడు.

"ఇంట్లో ఒక బిడ్డకు అమ్మవారు పోస్తే, రెండో బిడ్డను తెచ్చి పక్కన పడుకోబెడతావా?"

"ఊరికే చూసి తీసేస్తా స్వామీ."

"చూడొద్దు." స్వామి బల్ల కిందికి వంగి చూశాడు. "దీనికి బయటినుంచి వచ్చే తీగ ఏది?"

మౌలాలి ఇంటర్నెట్ తీగ చూపించాడు. స్వామి దాన్ని పీకేశాడు. పెట్టె మీద మినుకుమినుకుమనే చిన్న దీపం ఆరింది. గడియారం మాత్రం నడుస్తూనే ఉంది.

తర్వాత ప్రొద్దుటూరులో కంప్యూటర్లు బాగుచేసే సుభాషిణికి ఫోన్ చేశారు. ఆమె అన్నిటికంటే ముందు డిస్కు సంగతే అడిగింది. పెట్టలేదు, స్వామి లాక్కున్నాడు అని మౌలాలి చెప్పాడు.

"స్వామికి దండం పెట్టుకో. పెట్టింటే అదీ పోయేది. ఇప్పుడు ఆ తెరను ఫోటో తీయి. సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇయ్యి. డబ్బు మాత్రం కట్టొద్దు. సాయంత్రం నేనొచ్చి తాళం పడిన ఫైళ్లను విడిగా తీసిపెడతా. మిషన్ మొత్తం తుడిచేసి కొత్తగా ఎక్కిస్తా. అంతవరకూ డిస్కును దాని దగ్గరికి రానీకు."

"తాళం పడినవి ఎప్పటికైనా తెరుచుకుంటాయా అక్కా?"

"కొన్నిటికి తర్వాతెప్పుడో చెవి దొరికింది. కొన్నిటికి దొరకలేదు. నేను మాటియ్యలేను."

ఫోన్ పెట్టేశాక మౌలాలి అసలు భయం బయటికి వచ్చింది. డిస్కులోకి ఎక్కించి రెండు నెలలైంది. ఆ తర్వాత రికార్డు చేసినవి మూడే మూడు తత్వాలు. పాడింది పీరమ్మ. ఫోనులో చోటు చాలడం లేదని, కంప్యూటర్లోకి ఎక్కించిన రోజే ఫోనులోవి తీసేశాడు. పాడిన వారానికి పీరమ్మ కన్నుమూసింది. నలభయ్యో దినం చేసే ఫాతిహా ప్రార్థనకు అమ్మ గొంతు వినిపించమని కూతురు కాశింబి అడిగింది. ఎల్లుండే ఆ నలభయ్యో దినం.

"నా బండి అమ్మేస్తా స్వామీ. డబ్బు కట్టేస్తా."

"కడితే తాళం తీస్తారని ఎవరు చెప్పినారు?"

"వాళ్లే."

"ఓహో. వాళ్లే చెప్పినారా."

మౌలాలి తల దించుకున్నాడు. "కాశింబక్కకు మిషన్ చెడిపోయిందని చెబుదాం. రిపేరుకు ఇచ్చినామని చెబుదాం. ఆమె మొహం నేను చూడలేను స్వామీ. నాకు భయమైతాంది."

స్వామి డిస్కును తన ఇంట్లో ట్రంకుపెట్టెలో పెట్టి, చెప్పులేసుకుని కాశింబి ఇంటివైపు నడిచాడు. మౌలాలి వెనకే వెళ్లాడు. ప్రతి సందు మలుపులోనూ వెనక్కి పోదామనిపించింది. పోలేకపోయాడు.

కాశింబి వరండాలో పొయ్యి ముందు ఉంది. స్వామిని చూసి లేచి, కొంగు తలమీదికి లాక్కుంది.

"పాటలు తెచ్చినారా స్వామీ?"

మౌలాలికి ఎర్ర అక్షరాలను చూసినప్పుడు కూడా అంత భయం వేయలేదు.

"లేదు తల్లీ" అన్నాడు స్వామి. "మీ యమ్మ గొంతు మా దగ్గర పోయింది. మళ్లీ వస్తుందని చెప్పలేను. తప్పు నాది."

అని ఆ ముసలాయన చేతులు జోడించాడు.

కాశింబి వెనక్కి తిరిగి పొయ్యిలో కట్టె ఎగదోసింది. తిట్టి ఉంటే బాగుండునని మౌలాలి అనుకున్నాడు.

"ఆ పొద్దు నేను కలుపుకు పోయింటి స్వామీ" అంది చివరికి. "నేను వినలా. రికార్డు ఉందిలే, తర్వాత విందాం అనుకుంటి."

మౌలాలి ముందుకు వచ్చాడు. ఎలా వచ్చాడో అతనికే తెలియదు.

"స్వామిది కాదక్కా. తెలియనోళ్లు పంపింది తెరిచింది నేను. ఇంకో నకలు పెట్టుకోనిదీ నేనే. నీకు అబద్ధం చెప్పాలని కూడా అనుకున్నా."

కాశింబి అతని వైపు చూసింది. కళ్లలో నీళ్లు నిండాయి. తుడుచుకోలేదు.

స్వామి వరండా అంచున కూర్చున్నాడు.

"మౌలాలీ, ఆమె పాడేటప్పుడు నువ్వు ఎదురుగా కూర్చున్నావు. పాడు."

"నా ధ్యాసంతా మిషన్ మీదనే ఉండె స్వామీ. నాకు సగం కూడా గుర్తులేదు."

"గుర్తున్నంత పాడు."

"గొంతు వణుకుతాంది."

"వణకనీ."

కాశింబి పొయ్యి ఆర్పేసి వచ్చి, అతని ఎదురుగా కూర్చుంది.