గోరింకకు తెలిసిన గుమ్మాలు

అనగా అనగా ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. మూడోవాడు నందకుడు పెళ్లాడవలసిన చిత్రరేఖను కరాళుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. పున్నమి చంద్రుడు పొడిస్తే ఆమె రాతిబొమ్మ అయిపోతుంది.

పెద్దవాడు వెళ్లాడు, రాలేదు. రెండోవాడు వెళ్లాడు, రాలేదు. నందకుడూ వెళ్లాడు. ఏడు సముద్రాలు దాటడమంటే వినేవాళ్లకు సరదాయే గానీ, దాటినవాడికి మిగిలేది నడుంనొప్పి.

మాంత్రికుడి కోటలో పెద్ద చావడి, దాని చుట్టూ లెక్కలేనన్ని గుమ్మాలు. ఏదో ఒక గుమ్మం వెనక వాడి ప్రాణమున్న చిలుక ఉంది. అన్నలిద్దరూ ఒక్కో గుమ్మమే వెతికి వెతికి, కూలబడి రాళ్లైపోయారు. నందకుడు వచ్చింది పున్నమినాడే. మాంత్రికుడు పూజకు పూలు ఏరడానికి వెళ్లాడు. నందకుడికి ఇక అడుగు వేసే ఓపిక లేదు. మొదటి గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

చావడి నడుమ ఒక గోరింక. గదుల మధ్య కబుర్లు మోయడం దాని పని. చిలుక గది ఏదని అడిగాడు.

"నాకెవరు చెబుతారు నాయనా? ఏ గుమ్మంలోంచి ఎవరు పలికితే వాళ్లది ఆ గుమ్మమని గుర్తుపెట్టుకుంటాను. గుమ్మం తెలియనివాళ్లకు కబురొస్తే, అది వచ్చిన గుమ్మం తప్ప అన్నింట్లోనూ అరుస్తాను. చాలాసేపు పలక్కపోతే తెలిసినవాళ్లనూ మరిచిపోతాను. చిలుకను పలకొద్దన్నాడు మాంత్రికుడు."

"రాజకుమారుణ్ణి వచ్చాను, పలుకు" అని చిలుకకు కబురంపాడు నందకుడు. గోరింక అన్ని గుమ్మాల్లో అరిచింది. చిలుక పలకలేదు. బంగారు పంజరం చేయిస్తానన్నాడు. గోరింక మళ్లీ అరిచింది. చిలుక పలకలేదు. ఉన్న పంజరంతోనే విసిగినదానికి ఇంకో పంజరమెందుకు?

పొద్దు వాలుతోంది. ఇంకేమనాలో తోచక, ఇంట్లోవాళ్లను అడిగినట్టు అడిగాడు. "చిలకమ్మా, ఏమైనా తిన్నావా?"

గోరింక అరిచి, కాసేపు చెవి ఒగ్గి వింది. నందకుడి గుమ్మం తెలిసిందే కనుక, బదులు మాత్రం అరవకుండా అతని దగ్గరికే తెచ్చింది.

"తినలేదట. వాడి ప్రాణం గొంతులో పెట్టుకుని ఎలా తిననూ అంటోంది. అదిగో, ఆ తుప్పు గొళ్లెం గుమ్మం. నేను మరిచిపోకముందే వెళ్లు."

నందకుడు లేచాడు. పంజరం తెరిచి, మూటలో మిగిలిన అటుకులు తడిపి అరచేతిలో పెట్టాడు. చిలుక మాంత్రికుడి ప్రాణాన్ని ఊకలా ఉమ్మేసి అటుకులు తిన్నది. అక్కడ పూలు ఏరుతున్నవాడు ఏరుతూనే ఒరిగిపోయాడు. అన్నలు ఒళ్లు విరుచుకుంటూ లేచారు.

"ఎన్ని గుమ్మాలు తిరిగావురా?"

"ఒక్కటే అన్నయ్యా. మిగతావన్నీ గోరింక తిరిగింది."

ఏ గదిలో ఉందో తెలియని చిత్రరేఖకు గోరింకతో కబురంపితే మొదటి పిలుపుకే పలికింది. పెళ్లయింది. ఇద్దరూ చాలా ఏళ్లు రాజ్యమేలారు. వాళ్లతో వచ్చేసిన ముసలి గోరింకకు ఇక కబుర్లు మోసే పనేమీ లేదు. అయినా రోజూ సాయంత్రం ఇంట్లో అందరినీ పేరుపేరునా పిలిచేది. ఎంత అలసిపోయి ఉన్నా, ఎక్కడ మరిచిపోతుందోనని అందరూ పలికేవారు.